నీటి గోలీ వెనక పొటాషియం లెక్క

గుండె, లివర్, కిడ్నీ విభాగాలున్న ఏ పెద్దాసుపత్రి చీటీల్లోనైనా ఆల్డాక్టోన్, లాసిలాక్టోన్, డైటార్ ప్లస్ లాంటి పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. పంజగుట్ట నిమ్స్ దగ్గర ఓపీ అయ్యాక మందుల కవరు విప్పి చూసుకుంటూ కూర్చునేవాళ్లని కదిలిస్తే ఇదుగో ఇలాంటి మాటలు వినబడతాయి.

"ఏం గోలీలమ్మా ఇవి?"

"ఒకటి షుగర్‌ది సార్, ఒకటి బీపీది. ఇది నీళ్లదట."

"నీళ్లదంటే?"

"ఒంటికి ఎక్కువొస్తది. కాళ్లవాపు గుంజుతది."

"కొబ్బరినీళ్లు తాగుతున్నవా మరి?"

"తాగుతున్న సార్. నీళ్లు పోతున్నయి గద, నీరసమైతదని మా ఆడబిడ్డ చెప్పింది."

ఆడబిడ్డ చెప్పింది ఒట్టి మాటేం కాదు. చీటీలో ఉన్నది లాసిక్స్ ఒక్కటే అయితే ఆమె సలహాకు కొంత ఆధారం ఉంది. ఆ మందు సోడియంతో పాటు పొటాషియాన్నీ మూత్రంలోకి తోసేస్తుంది. కొందరికి డాక్టర్లే పొటాషియం సిరప్ రాస్తారు, పండ్లు తినమంటారు. కానీ చీటీలో ఆల్డాక్టోన్ ఉంటే అదే సలహా ఎదురు తిరుగుతుంది. రెండూ నీటి గోలీలే, రెంటితోనూ వాపు తగ్గుతుంది, పొటాషియం విషయంలో మాత్రం రెండూ చెరో దారి.

రోగికి మందు పేరూ వేళా చెబితే చాలా, అది ఒంట్లో ఏం చేస్తుందో కూడా చెప్పాలా? చాలా మందులకు పేరూ వేళా చాలు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకునేవాళ్లకు గ్రంథి లోపలి వ్యవహారం తెలియకపోతే వచ్చే నష్టమేమీ లేదు. పొటాషియాన్ని పోనివ్వని మూత్రవర్ధకాలకు మాత్రం ఆ పద్ధతి సరిపోదని నా అభిప్రాయం. ఈ మందుతో వచ్చే ప్రమాదం ఎక్కువగా చీటీకి బయట పుడుతుంది: రెండు రోజుల విరేచనాలు, మోకాలి నొప్పికి కొన్న మాత్ర, కొడుకు మార్చిన ఉప్పు ప్యాకెట్, వేరే డాక్టరు రాసిన కొత్త బీపీ మందు. వీటన్నిటినీ ముందే ఊహించి నిషేధాల పట్టిక రాయడం ఎవరి వల్లా కాదు. పని తీరు తెలిసిన మనిషి మాత్రం పట్టికలో లేని సందర్భం వచ్చినప్పుడు కూడా ఆగి అడుగుతాడు.

ఇంతకీ ఆ పని తీరు ఏమిటి? మన కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. బయటికి పోయేది లీటరున్నర, రెండు లీటర్లు. మిగతాదంతా సన్నటి గొట్టాల వెంట మళ్లీ రక్తంలోకి చేరుతుంది. సోడియం ఎటు పోతే నీరు చాలావరకు అటే పోతుంది. వడకట్టిన సోడియంలో మూడింట రెండు వంతులు గొట్టం మొదట్లోనే వెనక్కి వచ్చేస్తాయి. మరో పాతిక శాతం మధ్యలో ఉండే హెన్లే వంపు దగ్గర వస్తుంది. లాసిక్స్ అడ్డుపడేది అక్కడ, అందుకే వేసుకున్న గంటలోపే బాత్‌రూమ్ వెతుక్కోవాల్సి వస్తుంది. అన్నీ దాటి కొసకు చేరేసరికి మిగిలేది రెండు మూడు శాతం. ఆల్డాక్టోన్ పనంతా ఈ కొస మీదే. మూత్రం తెప్పించే బలంలో అది లాసిక్స్‌కు సాటి రాదు.

కొస దగ్గర జరిగే వ్యవహారాన్ని పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే బేరంతో చెబితే మన ఇళ్లలో తొందరగా అర్థమవుతుంది. మూత్రం వైపు నుంచి సోడియం అనే గిన్నె ఇంట్లోకి వస్తుంది, ఇంట్లోంచి పొటాషియం అనే పాత చీర బయటికి పోతుంది. బేరం ఎంత జోరుగా సాగాలో చెప్పేది అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే ఆల్డోస్టెరాన్ అనే హార్మోను. గుండె సరిగా పంపు చేయకపోయినా, లివర్ గట్టిపడినా, కిడ్నీకి అందే రక్తం తగ్గినట్టు శరీరం పొరబడుతుంది. ఉప్పూ నీరూ దాచుకొమ్మని ఆల్డోస్టెరాన్‌ను ఎడాపెడా వదులుతుంది. కాళ్లలో, పొట్టలో చేరే నీరు అలా వస్తుంది. మందు ఈ బేరాన్ని ఆపుతుంది. గిన్నెలు బయటే ఉండిపోయి నీటితో పాటు వెళ్లిపోతాయి. చీరలు ఇంట్లోనే ఉంటాయి, ఎక్కువ కాలం ఎవరూ పట్టించుకోకపోతే పేరుకుంటాయి. బేరం సరిగ్గా ఒకటికి ఒకటిగా జరగదు, కిడ్నీ నిపుణులు ఈ పోలికకు వంకలు పెట్టగలరు. రోగికి అవసరమైన సంగతి మాత్రం ఇందులో ఉంది: సోడియం పోవడం, పొటాషియం నిలవడం ఒకే పనికి రెండు కొసలు.

ఆపడంలో రెండు రకాలున్నాయి. ఆల్డాక్టోన్‌లోని స్పైరోనోలాక్టోన్, తర్వాత వచ్చిన ఎప్లెరినోన్, ఈమధ్యే వచ్చిన ఫినెరినోన్ హార్మోను కూర్చోవలసిన చోట తాము కూర్చుంటాయి. ఆల్డోస్టెరాన్ కణంలోపల జన్యువులతో కొత్త ద్వారాలు కట్టిస్తుంది కాబట్టి, ఆ పని ఆగి ఫలితం తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మానేసినా ప్రభావం అదే రోజున పోదు. మొదటి రోజు మూత్రం పెరగలేదని రెండో మాత్ర వేసుకునేవాళ్లు మన ఇళ్లలో ఉంటారు. 'దీని పని మెల్లగా మొదలవుతుంది' అన్న ఒక్క మాట వాళ్లను ఆపుతుంది. 1960లలో వచ్చిన అమిలోరైడ్, ట్రయమ్‌టెరీన్‌ల దారి వేరు. వాటికి హార్మోనుతో సంబంధం లేదు, సోడియం వచ్చే ద్వారాన్నే మూసేస్తాయి, గంటల్లో పని మొదలుపెడతాయి.

పొటాషియం గురించి ఒక లెక్క చెప్పకపోతే భయం ఎందుకో తెలియదు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 130, 140 గ్రాముల పొటాషియం ఉంటుంది. అందులో 98 శాతం కణాల లోపలే. రక్తంలోనూ, కణాల బయటి ద్రవంలోనూ కలిపి ఉండేది రెండున్నర గ్రాములకు అటూ ఇటూ. గుండె కొట్టుకునే తీరు ఆ లోపలికీ బయటికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ల్యాబ్ రిపోర్టులో 3.5 నుంచి 5 దాకా మామూలు. 5.5 దాటితే డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, 6 దాటితే ఆపేస్తారు. విచిత్రమేమిటంటే పొటాషియం ఇలా పెరగడం చాలామందికి తెలియదు. కాళ్లూ చేతులూ నిస్సత్తువగా ఉండటం, నాడి మందగించడం రావచ్చు, ఏమీ రాకుండానే గుండె లయ తప్పనూ వచ్చు. 'బాగానే ఉన్నా గదా, టెస్టు దేనికి' అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఆ టెస్టు ఎంత ముఖ్యమో వైద్య చరిత్రలోనే ఉంది. ఆల్డోస్టెరాన్‌ను 1953లో వేరు చేశారు. ఆ దశాబ్దం చివర్లో అమెరికాలోని సెర్ల్ కంపెనీ స్పైరోనోలాక్టోన్‌ను తయారుచేసింది. నలభై ఏళ్లు అది ఓ మూలన పడి ఉన్న మందుగానే ఉండిపోయింది. 1999లో రేల్స్ అనే అధ్యయనం దాని రాత మార్చింది. గుండె తీవ్రంగా బలహీనపడ్డ 1,663 మందిలో, ఉన్న మందులకు తోడుగా రోజుకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఇస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. ప్రపంచమంతా డాక్టర్లు దాన్ని రాయడం మొదలుపెట్టారు. 2004లో కెనడాలోని ఒంటారియో నుంచి మరో వార్త వచ్చింది. అక్కడ ఇలాంటి రోగుల్లో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 మంది, 2001 నాటికి 11 మంది. పొటాషియంతో ముడిపడ్డ మరణాలు కూడా వెయ్యికి 0.3 నుంచి 2కు చేరాయి. రేల్స్ అధ్యయనంలో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లను ముందే వడపోశారు, రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేశారు. బయటి ప్రపంచంలో ఆ రెండూ జారిపోయాయి.

కథ అక్కడితో ముగిస్తే మందు మీద అన్యాయమైన ముద్ర పడుతుంది. స్కాట్లండ్‌లోని టేసైడ్ ప్రాంతంలో రేల్స్ తర్వాత ఇదే మందు వాడకం బాగా పెరిగింది, ఆసుపత్రి పాలైనవాళ్లు మాత్రం పెరగలేదని 2010లో తేలింది. అక్కడ రక్తపరీక్షలు కూడా పెరగడమే దీనికి కారణమని పరిశోధకుల అంచనా. ఈ రెండు ప్రాంతాల కథా పక్కపక్కన పెట్టి చూస్తే మందు మొదలైన వారానికి, మళ్లీ నాలుగు వారాలకు, ఆ తర్వాత కొన్ని నెలలకోసారి పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలన్న సూచన కాగితం మీది లాంఛనంగా అనిపించదు. ఆదిలాబాద్ నుంచో నల్గొండ నుంచో నిమ్స్‌కు వచ్చే మనిషికి మూడు నెలల తర్వాత రమ్మని చెబితే మధ్యలో ఆ మొదటి వారం పరీక్ష ఎవరు చేయాలి? మండల కేంద్రంలోని ల్యాబులో చేయించి రిపోర్టు ఫోన్లో పంపడం సాధ్యమే. అది ముందే మాట్లాడుకోవాలి.

పరీక్షలోనూ ఒక తిరకాసుంది. చేతికి పట్టీ గట్టిగా బిగించి, పిడికిలి పదేపదే మూయించి తీసిన రక్తంలోనూ, గంటల తరబడి సంచిలో తిరిగిన నమూనాలోనూ పొటాషియం అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సౌకర్యం బాగా పెరిగిన ఈ రోజుల్లో ఇది తెలుసుకోవాల్సిన సంగతి. అనుకోకుండా 5.8 వస్తే డాక్టర్లు మళ్లీ తీయమనడం అందుకే. డబ్బు గుంజడానికేమో అని రోగి అనుమానించడం కూడా సహజమే.

తిండి దగ్గరికొద్దాం. మన దగ్గర ఈ మందు గురించి ఏమైనా చెబితే అది 'అరటిపండు తినొద్దు'తో మొదలై అక్కడే ఆగుతుంది. అరటిపండుకు అంత పాపం అంటగట్టడం నాకు సబబుగా అనిపించదు. ఓ మోస్తరు పండులో 400 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. మంచి కొబ్బరిబోండంలో 500 నుంచి 700 దాకా. కిడ్నీలు బాగున్న మనిషి అప్పుడప్పుడు ఓ పండు తింటే కొంపలేం మునగవు, ఇన్సులిన్ సాయంతో కణాలు ఎక్కువ భాగాన్ని లోపలికి లాక్కుంటాయి, మిగతాది కిడ్నీ సర్దుతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఈ రెండు పనులూ కుంటుపడొచ్చు. కిడ్నీ పనితీరు సగానికి పడిపోయినవాళ్లకు రోజూ రెండు బోండాలు, ఎండాకాలంలో పైగా పండ్లరసాలు అంటే అది వేరే లెక్క. అమీర్‌పేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది. అక్కడైనా ఇంట్లోనైనా రసాహారం మొదలుపెట్టేవాళ్లు ఈ మాత్ర సంగతి ముందే చెప్పాలి. ఆకుకూరలు, బంగాళాదుంపల విషయంలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పోషకాహార నిపుణులు చెప్పే ఉపాయం ఒకటుంది: చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవడం. మన చారు, పులుసులు ఆ నీటినే దాచిపెడతాయి. చింతపండులోనూ పొటాషియం బాగానే ఉంది. అందరికీ చారు మానిపించడం అక్కర్లేని పని. ఎవరికి ఎంత అన్నది క్రియాటినిన్ చూసి చెప్పాలి.

తిండిలో అసలు భయపడాల్సింది ఉప్పు డబ్బా గురించి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పుల్లో, తగ్గించిన సోడియం స్థానంలో సాధారణంగా పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. పాతిక శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పును రోజుకు 8 గ్రాములు వాడితే లోపలికి చేరే పొటాషియం గ్రాముకు కాస్త పైనే. అదీ రోజూ, అదీ రుచిలో పెద్దగా తెలియకుండా. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో చేసిన పెద్ద అధ్యయనం 2021లో ఇలాంటి ఉప్పు పక్షవాతాన్ని తగ్గిస్తుందని చూపించింది. అది నిజంగా గొప్ప ఫలితం. కానీ ఆ అధ్యయనంలోకి పొటాషియం నిలిపే మూత్రవర్ధకాలు వాడేవాళ్లను, తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్లను తీసుకోలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పులను సిఫారసు చేసినప్పుడు కూడా కిడ్నీ దెబ్బతిన్నవాళ్లను మినహాయించింది. అదే ఏడాది చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ పంజాబ్‌తో పాటు తెలంగాణలోనూ ఉప్పు తగ్గించే ప్రాజెక్టు మొదలుపెట్టింది, అందులో ఇలాంటి ఉప్పుల ప్రస్తావనా ఉంది. ఊరందరికీ మంచిదైన ఉప్పు ఇంట్లో ఒకరికి ముప్పు కావచ్చునన్న సంగతి ఆశా కార్యకర్తకు తెలిసి ఉండాలి. శ్రీకాకుళం ఉద్దానంలో, కొబ్బరితోటల నడుమ ఇంత కిడ్నీ జబ్బు ఉన్నచోట ఇది మరింత ముఖ్యం. సైంధవ లవణం గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అది దాదాపు మామూలు సోడియం ఉప్పే, దానితో పొటాషియం భయమూ లేదు, బీపీకి మేలూ లేదు.

తిండికంటే ఇంకా ఎక్కువ ప్రమాదం పక్క మాత్రలతో. రామిప్రిల్, ఎనలాప్రిల్, మన దగ్గర ఇంటింటా కనిపించే టెల్మిసార్టన్ ఆల్డోస్టెరాన్ తయారీని తగ్గిస్తాయి. ఆల్డాక్టోన్ ఆ హార్మోనును పని చేయనివ్వదు. గుండె జబ్బులో ఈ రెంటినీ కావాలనే కలిపి ఇస్తారు, మేలు కూడా ఉంది, పరీక్ష తప్పకూడదు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తం తగ్గించి పొటాషియాన్ని నిలబెడతాయి. మూత్రంలో మంటకు రాసే సెప్ట్రాన్‌లోని ట్రైమెథోప్రిమ్ అచ్చం అమిలోరైడ్ లాగా ఆ కొస ద్వారాన్నే మూస్తుంది. స్పైరోనోలాక్టోన్ వాడే వృద్ధులకు ట్రైమెథోప్రిమ్ కూడా తోడైనప్పుడు ప్రమాదం పెరుగుతుందని ఒంటారియో పరిశోధకులే చూపించారు. మూత్రంలో మంటకు మందులషాపులో అడిగి తెచ్చుకునే అలవాటు మనకెంత ఉందో చెప్పనక్కర్లేదు. లాసిక్స్ రోజుల్లో రాసిన పొటాషియం సిరప్, మందు మారాక కూడా ఫ్రిజ్ మీద అలాగే ఉండిపోవడం ఇంకో రకం. డైటార్ ప్లస్, లాసిలాక్టోన్ లాంటి జంట మాత్రల్లో రెండు మందులున్న సంగతి పేరులో కనిపించదు. అట్ట వెనక చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. అది చదవగలిగిన మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఆ పేర్ల కింద గీత గీయించుకుంటే చాలా పని అవుతుంది.

వాంతులు, విరేచనాలు, వడదెబ్బ వచ్చినప్పుడు ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ వేగం పడిపోతుంది. అప్పుడు ఈ మాత్రను కొన్నాళ్లు ఆపమని చాలామంది డాక్టర్లు చెబుతారు. దీనికి గట్టి పరిశోధన బలం తక్కువే, తర్కం మాత్రం సరైనది. సొంతంగా ఆపి నెల రోజులు మరిచిపోయే ప్రమాదం కూడా ఉంది కనుక, ఎవరికి ఫోన్ చేయాలో చీటీ మీద రాసివ్వడం మంచిది.

ఇక అమీర్‌పేట. పంజగుట్ట తర్వాతి మెట్రో స్టేషనే అది. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ జావా, పైథాన్, టెస్టింగ్ నేర్చుకునే ఇరవైల్లోని అమ్మాయిల చేతుల్లోనూ ఈ ఆల్డాక్టోన్ మాత్ర ఉంటుంది. మొటిమలకు, పీసీఓఎస్‌తో వచ్చే అవాంఛిత రోమాలకు చర్మవైద్యులు దీన్ని రాస్తారు. ఇది మగ హార్మోన్ల పనిని కూడా కొంత అడ్డుకుంటుంది మరి. వాళ్లకు పొటాషియం పాఠం చెప్పి బెదరగొట్టడం దండగ. ఆరోగ్యంగా ఉన్న యువతుల్లో చేసిన 1,802 పరీక్షల్లో 13 మాత్రమే ఎక్కువ వచ్చాయనీ అవీ స్వల్పమేననీ 2015లో అమెరికా పరిశోధకులు తేల్చారు. వాళ్లకు చెప్పాల్సింది ఇంకొకటి: గర్భం వస్తే మగ పిండంలో జననాంగాల ఎదుగుదలకు అడ్డుపడే అవకాశం ఉంది కనుక, గర్భం రాకుండా జాగ్రత్త లేనిదే వాడకూడదు. నెలసరి క్రమం తప్పడం కూడా మామూలే. పెళ్లికాని అమ్మాయితో ఆ మాట అనడానికి మొహమాటపడి వదిలేసే డాక్టర్లున్నారు. ఒకే మాత్రకు, ఒక్క స్టేషను దూరంలో, రెండు వేర్వేరు పాఠాలు కావాలి.

అమీర్‌పేటకు పాఠం చెప్పడమంటే ఏమిటో బాగా తెలుసు. కష్టమైన విషయాన్ని తెలుగూ ఇంగ్లీషూ కలిపి, బోర్డు మీద గీసి, మధ్యలో ఆపి 'ఏం అర్థమైంది, నువ్వు చెప్పు' అని అడిగి ముందుకు పోవడం అక్కడి శిక్షకులకు రోజువారీ పని. వైద్యంలో సరిగ్గా ఇదే పద్ధతిని ప్రపంచమంతా సిఫారసు చేస్తున్నారు: చెప్పాక రోగితోనే తిరిగి చెప్పించడం. 'అర్థమైందా' అంటే అందరూ తలూపుతారు. 'ఇంటికెళ్లాక మీ కోడలికి ఈ గోలీ గురించి ఏమని చెబుతారు' అంటే ఎంత అర్థమైందో బయటపడుతుంది. అమెరికాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో గుండె బలహీనమైన 223 మందిని రెండుగా విభజించి, ఒక గుంపుకు ఇంటికి పంపే ముందు నర్సు ఒక గంట పాఠం చెప్పింది. తర్వాతి ఆరు నెలల్లో ఆ గుంపులో తిరిగి చేరడమో చనిపోవడమో మూడింట ఒక వంతు తగ్గింది. ఆ పాఠం ఈ ఒక్క మందు గురించి కాదు, ఉప్పు, బరువు చూసుకోవడం, మందులు అన్నీ కలిపి. అయినా ఒక గంట మాటలతో ఇంత తేడా రావడం చిన్న సంగతేం కాదు.

ఆ గంట మన దగ్గర ఎవరి దగ్గరుంది? ఓపీలో వందల మందిని చూసే డాక్టరు దగ్గర లేదు. ఫార్మసీ చదువుల్లో 2008లో ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు మొదలైంది, రోగులతో మాట్లాడటమే ఆ చదువులో పెద్ద భాగం. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందు గురించి వివరించడాన్ని ఫార్మసిస్టు బాధ్యతగా రాశాయి. కౌంటరు ముందు పదిమంది తోసుకుంటున్న షాపులో ఆ నిబంధన అమలు కావడం కష్టం. ఆసుపత్రుల్లో ఫార్మ్‌డీ విద్యార్థులతో ఫైళ్లు రాయించడం తగ్గించి, వాళ్లను మందుల కౌంటరు పక్కన ఓ బల్ల వేసి కూర్చోబెడితే పని సగం అవుతుందని నాకనిపిస్తుంది. మందుతో ఇబ్బంది వస్తే రోగులే నేరుగా తెలియజేసే ఫారం కూడా ఉంది, తెలుగులోనే ఉంది. జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం దాన్ని తెచ్చింది. ఉందని తెలిసినవాళ్లు అరుదు.

చివరగా మగవాళ్లు బయటికి చెప్పని ఒక సంగతి. స్పైరోనోలాక్టోన్ వాడే మగవాళ్లలో కొందరికి రొమ్ములు పెరుగుతాయి, నొప్పి పెడతాయి. రేల్స్‌లో మందు తీసుకున్న మగవాళ్లలో పదిశాతానికి ఇలా జరిగింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో ఒక శాతానికి. అరవై ఏళ్ల పెద్దమనిషి దీన్ని కొడుక్కీ చెప్పడు, డాక్టరుకూ చెప్పడు. గోలీ మానేసి చొక్కా వదులుగా కుట్టించుకుంటాడు. నెల తిరక్కుండా కాళ్లవాపు మళ్లీ వస్తుంది, మందు పని చేయడం లేదని ఇంట్లో అనుకుంటారు. ఎప్లెరినోన్‌తో ఈ బాధ చాలా తక్కువ. ధర ఎక్కువే, కానీ మార్చుకునే వీలుంది. ఆ మాట మొదటి చీటీ రాసిన రోజే, అడగకముందే చెప్పాలి.